పలచగా రాయమన్నారు

"పిల్లను ఈడనే పెట్టిపొమ్మంటారేమో అత్తా. అట్లంటే నేనేం చేయాల?"

డాక్టరమ్మ గది తలుపు ఇంకా తెరుచుకోలేదు. పేర్లు పిలిచే నర్సమ్మ ఇంకా కుర్చీలో సర్దుకుని కూర్చోనైనా లేదు. ఎవరూ ఏమీ అనకముందే శివలీల నోట ఆ మాట వచ్చేసింది.

ఈరక్క చెంగుముడి విప్పి వక్కపలుకు నోట్లో వేసుకుంది. "పొద్దున బస్సెక్కేటప్పుడు బోల్తా పడతాదేమో అంటివి. పడెనా? దిగేటప్పుడు తిరుగుబస్సు దొరకదేమో అంటివి. ఇంక ఇప్పుడు ఆసుపత్రి వంతా? తథాస్తు దేవతలకు నీ ఎనక తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయింటాయి."

బస్సు పడని మాట నిజమే. అయితే అందువల్ల శివలీలకు ధైర్యమేమీ రాలేదు. పడాల్సిందేదో ఇంకా మిగిలే ఉందనిపించింది, అంతే.

కిందటి వారం ఈ ముగ్గురినీ, అంటే శివలీలను, ఆమె అత్త ఈరక్కను, తొమ్మిదేళ్ళ యామినిని, ఓర్వకల్లు రోడ్డుమీద ఎండలో బస్సుకోసం నిలబెట్టి వచ్చాం. ఇప్పుడు కర్నూలు చేరారు. చర్మం డాక్టరు గది ముందు వరండాలో, బల్లమీద కూర్చున్నారు. పాత సంగతులు మరిచినవారికోసం నాలుగు మాటలు. యామినికి నిరుడు ఎండాకాలంలో మొదలైంది దురద. మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ. గోకి గోకి గోళ్ళలో నెత్తురు పట్టేది. ఊళ్ళో ఒకరు గజ్జి అన్నారు, ఒకరు తామర అన్నారు, ఒకరు పాము కుబుసం తొక్కి ఉంటుందన్నారు. ఈరక్క వేపాకు నూరి పట్టించింది. శివలీల పథ్యం పెట్టి వంకాయ మానిపించింది, గోంగూర మానిపించింది, పిల్లకు ప్రాణమైన వేయించిన బుడ్డలు, అంటే వేరుశనగలు కూడా మానిపించింది. చివరికి చలికాలంలో కర్నూలు తీసుకొస్తే ఈ డాక్టరమ్మే చూసి, ఇది ఎగ్జిమా, ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదు, పాప ఒంటి తీరే అంత అని చెప్పి, దురదకు ఒక ట్యూబు, తేమకు ఒక క్రీము రాసిచ్చింది. మూడు నెలలు దాటినా ఒళ్ళు మాత్రం కుదుటపడలేదు. మొన్న మోచేతి మడతలో చీము కూడా చేరింది.

ఒక్క ముఖం మాత్రం నయమైంది. చలికాలంలో చెంపలమీద పొలుసులుగా లేచిన పొక్కు దానంతట అదే మాయమై, పిల్ల ముఖం అద్దంలా మెరిసింది. ఆ ట్యూబును ముఖం దరిదాపులకైనా రానివ్వలేదు శివలీల. అందుకే అది శ్రీశైలం మల్లన్న కరుణ అనుకుంది. తలనీలాలిస్తానని మొక్కుకుంది. రోజూ తెల్లవారగానే కూతురి గడ్డం పట్టుకుని, వాకిట్లో వెలుతురువైపు తిప్పి చూసుకుని ఏడ్చే ఆ తల్లి, ముఖం బాగుపడ్డాక కొన్నాళ్ళు ఏడవడం మానింది కూడా. మళ్ళీ ఈ మధ్య ఎండలోకి పోతే చాలు చెంపలు మిరపపండ్లలా ఎర్రబడుతున్నాయి. శివలీల మళ్ళీ ఏడుస్తోంది.

"యామిని ఎవరమ్మా?" అని నర్సమ్మ పిలిచింది.

పిల్ల లేచి నడిచింది. గుమ్మం దగ్గర చిన్న మెట్టుంది. దానికి కాలు తగిలి ముందుకు తూలింది. ఈరక్క రెక్క పట్టుకుని ఆపింది.

"చూసుకోని నడువు పాపా. పొద్దున బస్సు దగ్గరా ఇదే ఆయె."

పథ్యం తిండివల్ల నీరసమేమో అనుకుంది శివలీల. గుమ్మంలోనే ఇంకో దిగులు పుట్టింది. రక్తం లేదేమో. రక్తం ఎక్కించాలంటారేమో.

డాక్టరమ్మ కడప మనిషి. మాటలో ఆ యాస దాచుకోదు. పిల్లను స్టూలుమీద కూర్చోబెట్టి మోచేతులు చూసింది, మోకాళ్ళ వెనక చూసింది, మెడ చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె నుదుటి మీద గీతలు లోతయ్యాయి. ఇంత పచ్చిగా ఉండకూడదే అని తనలో తాను గొణుక్కుంది. తాను రాసిచ్చిన ట్యూబు తెచ్చారా అని అడిగింది.

శివలీల సంచిలోంచి జేబురుమాలు మూట తీసి విప్పింది. లోపల ట్యూబు ఉంది, కొత్త పెళ్ళికూతురిలా, పెద్దగా నొక్కులు పడకుండా. డాక్టరమ్మ దాన్ని అరచేతిలో అటూ ఇటూ ఆడించింది.

"ఇది రెండో ట్యూబా?"

"లేదమ్మా. మీరిచ్చిందే. అదే."

"ఇన్ని నెలలకు సగం గూడా కాలేదే? ఒక్క నెలకే ఇంకోటి కావాల గదా. మానేసినావా?"

మానలేదని శివలీల ఒట్టేసింది. ఒక్క పూట కూడా తప్పలేదంది. అది నిజం. ఆ మాట నమ్మించడానికే సంచి అడుగునుంచి కొబ్బరినూనె సీసా తీసి బల్లమీద పెట్టింది. నూనె తేటగా లేదు, అడుగున తెల్లగా కాస్త మడ్డి పేరుకుంది. గోరంత మందు నూనెలో వేసి, మూత బిగించి, చేయి నొప్పిపుట్టేదాకా గిలకొట్టి, మెడనుంచి పాదాలదాకా పట్టిస్తున్నానని చెప్పింది. చెబుతూనే డాక్టరమ్మ ముఖం చూసి సగంలో ఆగిపోయింది.

"మీరే గదమ్మా పలచగా రాయమన్యారు. అందుకే పలచగా చేసినా."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.  ఈరక్క నమలడం ఆపింది.

"పలచగా అంటే," అంది డాక్టరమ్మ నెమ్మదిగా, "నీళ్ళు పోసిన మజ్జిగ అనుకున్యావా తల్లీ?"

శివలీల తలూపింది. ఇంకేమనుకుంటారో ఆమెకు తెలియదు. ఇంట్లో మజ్జిగ పలచగా చేయమంటే నీళ్ళు పోస్తారు. పప్పు పలచగా చేయమంటే నీళ్ళు పోస్తారు. గట్టిగా ఉన్నదేదైనా పలచన కావాలంటే దాంట్లో ఇంకోటి కలపాలి. పైగా ఆ మాట విన్ననాడు ఆమె గుండె తేలికపడింది కూడా. ఎందుకంటే మందుల షాపులో ట్యూబు చేతికిస్తూ ఆ పిల్లవాడు, ఇది స్టెరాయిడ్ అక్కా, చూసి వాడు అన్నాడు. స్టెరాయిడ్ అన్న మాట శివలీలకు బాగా తెలుసు. ఊళ్ళో పెద్ద ఈరన్న మోకాళ్ళ నొప్పులకు ఎవరో ఇచ్చిన ఆ బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగి, ముఖం గుమ్మడికాయలా ఉబ్బి, అరుగుమీంచి దిగుతూ తుంటి విరగ్గొట్టుకున్నాడు. అలాంటి దాన్ని పసిదాని ఒంటికి చిక్కగా ఎలా పట్టిస్తుంది? డాక్టరమ్మే పలచగా అన్నది కాబట్టి సరిపోయింది, లేకపోతే తానే ఏదో ఒకటి కలిపి ఉండేది. పెద్ద ఈరన్న సంగతితో సహా అదంతా డాక్టరమ్మకు చెప్పేసింది.

"తప్పు నీది కాదు. మాట నాది," అంది డాక్టరమ్మ. "ఇంకెవరికీ ఆ మాట వాడను. చేయి ఇట్ల పెట్టు."

శివలీల చూపుడువేలు పట్టుకుని, ట్యూబు నొక్కి, వేలి కొననుంచి మొదటి గీతదాకా ఒక తెల్లని చార గీసింది. ఇంత మందు, వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత చోటుకు సరిపోతుందని చూపించింది. ఎర్రగా, దురదగా ఉన్నచోట మాత్రమే పెట్టాలి. రోజుకు ఒక్కసారి చాలు. పొర సన్నగా పరచాలి, మందులో మాత్రం ఏమీ కలపకూడదు. పుండు తగ్గాక తాను చెప్పినట్లు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తేమకిచ్చిన క్రీము సంగతి వేరు, దాన్ని ఒళ్ళంతా ఎన్నిసార్లైనా పూసుకోవచ్చు. మోచేతి చీముకు వేరే మందు ఇప్పుడే రాస్తానంది. పథ్యం గురించి అడిగి, బుడ్డలు తింటే దురద పెరిగినట్లు నీ కంటితో ఎప్పుడైనా చూసినావా అంది. చూడలేదని చెప్పింది శివలీల. మరి నోరు కట్టేయడం ఎందుకు, పెట్టు అంది డాక్టరమ్మ.

"పెద్ద ఈరన్న మింగింది వేరు, ఇది వేరు. తెలిసి వాడితే ఇది మంచిదే. భయపడి తక్కువ పెట్టినా పిల్లకే బాధ, ధైర్యంగా ఎక్కువ పెట్టినా పిల్లకే బాధ. నువ్వు భయంతోనే పిల్లను ఇన్నాళ్ళు గోక్కోనిచ్చినావు."

ఆ మాట మెత్తగానే అంది. అయినా శివలీలకు అది చెంపమీద దెబ్బలా పడింది.  కనీసం ఒక్క మంచి సంగతైనా చెప్పుకోవాలనుకుంది.

"ముఖమైతే బాగుండాది గదమ్మా. మల్లన్నకు మొక్కుకున్యాము."

 అప్పటిదాకా ఒంటి పుండ్లమీదే ఉన్న డాక్టరమ్మ చూపు మొదటిసారి పిల్ల ముఖంమీద నిలిచింది. స్టూలును కిటికీవైపు తిప్పి, చిన్న లైటు వేసి, ఒక చెంప, ఇంకో చెంప, ముక్కు పక్కలు, రెప్పల కింద అంతా చూసింది. అలా చూడడం చాలాసేపు సాగింది. యామిని కళ్ళు దించుకుని, ఎప్పటి అలవాటు ప్రకారం కదలకుండా కూర్చుంది.

"ముఖానికి ఏం పూస్తాండారు?"

"ఏమీ లేదమ్మా. మల్లన్న మీద ఒట్టు. నీళ్ళు తప్ప ఏమీ తగలనీలేదు."

"ఇట్ల వచ్చి చూడు. ఈ సన్నని ఎర్రదారాలు కనపడతాండాయా? ఇవి లోపలి నెత్తురు నరాలు. పైన తోలు అరిగిపోతే బయటికి కనపడతాయి. చెంపమీద ఈ నూగు చూడు. ఆడపిల్లకు తొమ్మిదేళ్ళకే ఇంత నూగు ఏంటికి వస్తాది? ఒంటికి మందు చాల్లేదు. ముఖానికి మందు ఎక్కువైంది. ఇది నేనిచ్చింది కాదు, దీనికన్నా గట్టిది. మల్లన్న పేరు చెప్పుకోని ఎవరో నెలల తరబడి ట్యూబు పూస్తాండారు."

శివలీలకు ఆ మాటలు ఒకదాని వెనక ఒకటి వినిపించాయి కానీ, ఒకదానికొకటి అతకలేదు. ఆమె గట్టిగా పట్టుకుని ఉన్న ఒకే ఒక్క కొమ్మ విరిగింది. ఆ మెరుపు నయం కాదా? ఆ మెరుపే రోగమా?

డాక్టరమ్మ కంటి దగ్గరే ఆగింది. ముఖం తోలు ఉల్లిపొర, రెప్ప తోలు అంతకన్నా పలచన, నిజంగా పలచన అంటే అదీ అంది. కంటి చుట్టూ గట్టి మందు చాలాకాలం పడితే అది లోపలికి దిగుతుందనీ, కంట్లో ఒత్తిడి పెరగొచ్చనీ, పొర కమ్మొచ్చనీ చెప్పింది. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ చూపించుకోకుండా ఇంటికి పోకూడదంది. కంటి డాక్టరు ఇదే ఆసుపత్రిలో మేడమీద ఉంటాడు. మధ్యాహ్నందాకానే చూస్తాడు.

"ఆయన దగ్గరికి పోయేముందు నాకు రెండు తెలియాల. ఏం పూసినారు, ఎన్నాళ్ళు పూసినారు. తిట్టేదానికి అడగడం లేదు నేను. ఉన్నట్టుండి ఆపేస్తే ముఖం భగ్గుమంటాది, ఆపేది గూడా పద్ధతిగా ఆపాల. బయట కూర్చోని మీలో మీరు మాట్లాడుకోని రాండి."

కన్ను అన్న మాట దగ్గరే శివలీల ఆగిపోయింది. బయటికి ఎలా నడిచి వచ్చిందో ఆమెకు గుర్తులేదు. వరండాలో అదే బల్ల, అదే ఎండ. ఆమె కళ్ళముందు మాత్రం కర్ర తాటించుకుంటూ ఓర్వకల్లు గుట్టల కింద నడిచే ఒక అమ్మాయి కనిపిస్తోంది. ఆ అమ్మాయి పెద్దదైంది. చేయి పట్టుకుని నడిపించే అమ్మ అప్పటికి లేదు. అంతవరకూ పోయివచ్చింది ఆమె ఆలోచన, రెప్పపాటులో.

అప్పుడు అత్తవైపు తిరిగింది.

"ఏం పూసినావు అత్తా?"

"ఎవురు? నేనా?"

నువ్వు కాకపోతే ఎవరంది శివలీల. పెళ్ళయిన నాటినుంచి గొంతులో ఆగిన మాటలన్నీ ఒక్కసారిగా కట్ట తెంచుకున్నాయి. వేపాకు పసరు పట్టించినప్పుడు తనను అడిగిందా అంది. ఎవరో సాధువిచ్చిన బూడిద పుండుమీద చల్లినప్పుడు అడిగిందా అంది. పిల్లను తన పక్కనే పడుకోబెట్టుకుంటుందనీ, తెల్లవారి తానే తల దువ్వుతుందనీ, ఇంకెవరికి వీలవుతుందనీ అడిగింది. వరండాలో అవతలివాళ్ళు తిరిగి చూస్తున్నా గొంతు తగ్గించలేదు. కోడలు ఇలా మాట్లాడగలదని ఈరక్క ఇన్నేళ్ళలో అనుకోలేదు. కాసేపు నోరు తెరుచుకుని విన్నది. తర్వాత వక్క ఉమ్మేసి వచ్చి కూర్చుంది.

"అయిందా? ఇప్పుడు నా మాట విను. నేను పూసింది వేపాకు. చేదుంటాది, కంపు కొడతాది, అయినా పదిమంది ముందర పూసినా. నా మనవరాలికి మందు పెట్టాల్నంటే రచ్చకట్టమీద కూర్చోబెట్టి పెడతా, నాకేం భయం? ఈ ఈరక్క దొంగతనంగా చేసింది ఒకటే. నీ పథ్యానికి తెలీకుండా పాపకు బుడ్డలు పెట్టినా. రోజూ పెట్టినా. పో, కేసు పెట్టుకో."

ఇంకో రోజైతే శివలీలకు నవ్వు వచ్చేదేమో. ఇప్పుడు ఆమె ఆ ముసలి ముఖంలోకి చూసి, అది అబద్ధం చెప్పే ముఖం కాదని తెలుసుకుని, మరింత భయపడింది. అత్త అయి ఉంటే బాగుండేది. అత్త అయి ఉంటే ఆ ట్యూబేదో ఇంట్లో ఎక్కడో దొరికేది.

రంగనాథ్‌కు ఫోను చేసింది. ఆమె భర్త బేతంచెర్లలో రాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆదివారాలే ఇంటికొస్తాడు. రంపం చప్పుడులో మొదట ఏమీ వినపడలేదు. దూరంగా జరిగి మాట్లాడాడు. తాను ముఖానికి ఏమీ పూయలేదన్నాడు. పిల్లకు బెల్లం మిఠాయి తప్ప ఏమీ తెచ్చివ్వలేదన్నాడు. పనిమీంచి దిగి బస్సెక్కుతానన్నాడు. ఆ తర్వాత, కన్ను బాగుంది గదా అని అడిగాడు.  ఫోను ఈరక్కే లాక్కుని, నువ్వు ముందు బయలుదేరు నాయనా అని పెట్టేసింది.

ఇంక ఆ ఇంట్లో మిగిలింది ఎవరు? ఇద్దరికీ ఒకే పేరు తోచింది. ముందు చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు. రంగనాథ్ చెల్లెలు మధులత కాన్పుకు పుట్టింటికొచ్చి, చలికాలమంతా ఉండి, పాపను తీసుకుని ఉగాది ముందు రాజంపేట వెళ్ళిపోయింది. మధులత ముఖం ఆ చలికాలంలో చూసినవారికి తెలుసు, వెన్నపూస. బాలింత ముఖం అలా వెలగడం చూసి శివలీల ఎన్నోసార్లు, కూతురు వింటుండగానే, మధూ నీ ముఖం చూసినంతసేపూ చూడబుద్ధయితాది, కడుపు నిండిపోతాది అనేది.

"నా కూతురి మీదికి పోతాండావా?" అంది ఈరక్క, కోడలు ఇంకా నోరు తెరవకముందే. కానీ ఫోను తానే చేసింది.

మధులత మొదట ఏమీ దాచలేదు, దాచాలని ఆమెకు తెలియదు కాబట్టి. అవును, ముఖం తెల్లబడే క్రీము వాడేదాన్నంది. రాజంపేటలో తెలిసినామె చెప్పింది, మందుల షాపులో పేరు చెబితే చాలు, చీటీ అడగరంది. పాపకు తాను పూయలేదనీ, బిడ్డమీద ఒట్టనీ చెప్పింది. కాకపోతే పుట్టింటినుంచి బయలుదేరేనాడు ఆ ట్యూబు ఎంత వెతికినా కనపడలేదంది. గూట్లో అద్దం పక్కనే పెట్టుకునేదాన్ని, పిల్లి ఎత్తుకుపోయిందనుకుని ఇంటికెళ్ళి ఇంకోటి కొనుక్కున్నానంది. మానేస్తే ముఖం మండుతోంది అమ్మా, అందుకే ఇంకా పూస్తున్నా అని చివర్లో ఆమె అన్నమాట ఫోనులోంచి ఇద్దరికీ వినపడింది.

ఈరక్క ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అంతసేపూ కోడలిని ఎగతాళి చేసిన మనిషి, ఇప్పుడు కోడలి గొంతుతోనే మాట్లాడింది.

"నా కూతురికి గూడా కండ్లు పోతాయేమో శివలీలా."

శివలీల అత్త చేతిమీద చేయి వేసింది. అంతకు మించి ఓదార్చే శక్తి ఆమె దగ్గర లేదు. ఎందుకంటే అదే క్షణంలో ఇద్దరి చూపులూ తిరిగి బల్ల చివర ఆగాయి.

యామిని అక్కడే ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉంది. పెద్దవాళ్ళు ఒకరినొకరు కోసుకుంటున్నంతసేపూ, స్కూలుకు తీసుకుపోయే నీళ్ళసీసా సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చుంది. పిల్లిని ఎవరూ అడగరు, చిన్నపిల్లను కూడా ఎవరూ అడగలేదు.

"నువ్వేనా పాపా?" అంది శివలీల.

పిల్ల పట్టీ చుట్టుకుంది.

"మధత్త ట్యూబు నువ్వే తీసినావా? చెప్పు తల్లీ. కొట్టను. నీ మీద ఒట్టు, కొట్టను."

పిల్ల పట్టీ విప్పింది.

ఈరక్క కూడా అడిగింది. బుడ్డలు పెడతానంది. డాక్టరమ్మే పెట్టమంది, ఇంక దొంగతనం అక్కరలేదంది. పిల్ల పెదవి కదిలింది కానీ నవ్వు రాలేదు, మాటా రాలేదు. వరండా చివర స్తంభం నీడ గోడవైపు కుంచించుకుపోతోంది. మేడమెట్లమీద జనం దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు తగ్గిపోతున్నారు. పైన కంటి డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నట్టే, సంచి సర్దుకుంటున్నట్టే వినపడింది శివలీలకు. నిజానికి అదేమీ వినపడేంత దగ్గర కాదు.

ఎందుకు చెప్పవంటూ గదమాయించింది. కన్ను పోతుందే అంది. ఆ మాట అన్నాక తానే నోరు మూసుకుంది. బతిమాలింది. గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పింది, ఇంట్లో రోజూ తిప్పినట్టే. తిప్పగానే ఆ పిల్ల కళ్ళు రోజూ దించుకున్నట్టే దించుకుంది.

శివలీల చేయి అక్కడే ఆగిపోయింది.

పిల్ల కళ్ళు ఎందుకు దించుకుంటుందో ఆమె ఇంతకుముందెప్పుడూ ఆలోచించలేదు. సిగ్గనుకుంది. మొండితనమనుకుంది. ఇప్పుడు మాత్రం ఆ దించుకున్న రెప్పల్లో ఏదో కనిపించి గడ్డం వదిలేసింది. ఇంకేమీ అడగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, కూతురి పక్కన, ఆమెకు తగిలేలా కూర్చుంది. ఈరక్క ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టింది. అలా ముగ్గురూ ఎంతసేపు కూర్చున్నారో. స్తంభం నీడ గోడకు అంటుకుపోయింది. ఎవరినో పిలిచారు, వాళ్ళు లోపలికి పోయి బయటికి వచ్చారు కూడా.

నీళ్ళసంచి పక్కజేబులో యామిని చేయి దూరింది. బయటికొచ్చినప్పుడు ఆ గుప్పిట్లో ఒక ట్యూబు ఉంది. పళ్ళపేస్టు అయిపోవచ్చినప్పుడు చేసినట్టు తోకనుంచి మెడదాకా చుట్టలు చుట్టి, చివరి బొట్టుదాకా పిండిన ట్యూబు. దాన్ని అమ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇది మధత్తది కాదు. అది అయిపోయె. ఖాళీది చూపించి దాచుకున్య దుడ్లిస్తే అంగడాయన ఇంకోటి ఇచ్చినాడు."

గొంతు చాలా చిన్నగా ఉంది. ఇద్దరాడవాళ్ళూ ఊపిరి బిగబట్టి వంగారు.

"తెల్లగా అయ్యేదానికి కాదుమా. నా ముఖం చూసినప్పుడంతా నువ్వు ఏడుస్తాంటివి. మధత్త ముఖం చూస్తే కడుపు నిండిపోతాదంటివి. పూసుకుంటే పొక్కు పాయె. నువ్వు ఏడ్చేది నిలిపితివి. మళ్ళా ఎర్రగా అయితాంటే మళ్ళా ఏడుస్తాంటివి గదా, అందుకే ఎక్కువ పూసుకున్యా. కండ్ల కింద గూడా."

 శివలీల ఒళ్ళో ఉన్న ట్యూబుమీద ఒక చుక్క పడింది, ఇంకో చుక్క పడింది. మిట్టమధ్యాహ్నం ఎండ వరండా అంతా నిండి ఉంది, సూది పడినా కనపడేంత వెలుతురు. ఆ వెలుతురులో యామిని తల ఎత్తింది. ఈసారి తానే అమ్మ గడ్డం పట్టుకుంది. తనవైపు తిప్పుకుని, కళ్ళు చికిలించి, ముఖం ముఖానికి తగిలేంత దగ్గరగా తెచ్చి చూసింది.

"మా," అంది. "ఇప్పుడు ఏడుస్తాండావా? నాకు సరిగ్గా కనపడతా లేదు."